అంకెలు పండించే ఆఫీసర్లు

మా నాన్న సర్వీసంతా మండలాఫీసుల్లో లెక్కలు రాయడంతోనే గడిచింది. ఏఎస్‌ఓ అంటారు ఆ పోస్టుని, అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్. ఊళ్ళలో మాత్రం ఆయన "వానల ఆఫీసరు గారు". ఆఫీసు ఆవరణలో ఉన్న వానకొలత గొట్టం చూసి పొద్దున్నే మిల్లీమీటర్లు రాసుకునేది ఆయనే కాబట్టి. దాళ్వా, అంటే రబీ వరి కోతల రోజుల్లో బడికి సెలవైతే నన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని పొలాలకి తీసుకెళ్ళేవారు.

అక్కడ జరిగే పనిని పంట కోత ప్రయోగం అంటారు. ఎంపికైన సర్వే నెంబరుకి వెళ్ళి, నైరుతి మూల గట్టు మీద నిలబడి, చేతిలోని అంకెల పట్టిక ప్రకారం పొడుగున ఇన్ని, అడ్డంగా ఇన్ని అడుగులు వెయ్యాలి. ఆగిన చోట మేకు కొట్టాలి. అక్కణ్ణుంచి ఐదు మీటర్లు ఇటు, ఐదు మీటర్లు అటు తాడు కట్టి, ఆ గడిలో ఉన్నదంతా కోసి, బరకం మీద దులిపి, తూర్పారబట్టి, కాటా వేసి రాసుకోవాలి. గడి చిన్నదే గాని లెక్క పెద్దది. కాటా మీద ఒక్క కిలో అటూ ఇటూ అయితే ఎకరాకి రెండు 75 కిలోల బస్తాల పైనే తేడా వస్తుంది.

గడి ఎక్కడ పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండకూడదు. ఎలుకలు కొట్టిన మూలలో పడినా అక్కడే కొయ్యాలి. ఒకసారి ఒక రైతు నాన్న చెయ్యి పట్టుకుని, "ఏవండీ, ఈ మూల నీరు ఎక్కలేదండీ. ఆ నడిమి చెక్కలో ఏసుకోండి, మా చేలో పంట ఎలా ఉందో తెలుస్తది" అన్నాడు. అది పరువు బాధ. పంటల బీమా ఊళ్ళోకొచ్చాక ఇదే మాట తిరగబడింది: "నడిమిన ఎందుకండీ, ఎలుకలు కొట్టిన కాడ ఏసుకోండి." దిగుబడి తక్కువ తేలితే పరిహారం వస్తుంది మరి. పై ఆఫీసుకి మాత్రం అప్పుడూ ఇప్పుడూ కావలసింది ఒక్కటే, నిరుటి కన్నా ఎక్కువ.

ఒక ఏడాది పై నుంచి ఫోనొచ్చింది. "మీ మండలం తగ్గిందేంటండీ? చుట్టూ అన్నీ పెరిగాయి. ఒకసారి చూసుకోండి." అంతే. పెంచి రాయమని ఎవరూ అనలేదు. ఈ సంగతి నాన్న రిటైరయిన చాలా ఏళ్ళకి, ఏదో పెళ్ళి నుంచి తిరిగొస్తూ బస్సులో చెప్పారు నాకు. కాటా మీద 12 కిలోల 400 గ్రాములు తూగిన గడిని ఆ ఏడాది 13 కిలోలని రాశారట. ఆరొందల గ్రాములు. అంటే ఎకరాకి బస్తా పైచిలుకు. ఆ బస్తా ఎవరి గాదెలోకీ రాలేదు గాని రాష్ట్ర వ్యవసాయ వృద్ధిలో ఎక్కడో కలిసిపోయింది. ఆ ఊరికి ఆ ఏడు బీమా డబ్బులు రాలేదు. అందులో ఆ ఆరొందల గ్రాముల వాటా ఎంతో నాన్నకీ తెలీదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, పేపరు తీస్తే వృద్ధి రేటు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏటా 15 శాతం వృద్ధి లక్ష్యం పెట్టుకుంది. 2024 డిసెంబరులో విడుదల చేసిన స్వర్ణాంధ్ర పత్రం ప్రకారం 2047 నాటికి మనది 2.4 లక్షల కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ కావాలి, తలసరి ఆదాయం 42 వేల డాలర్లకు చేరాలి. రాష్ట్రానికి లక్ష్యం పెట్టుకోవడంలో నాకు పేచీ లేదు. ఆ లక్ష్యాన్ని ముక్కలు చేసి జిల్లాకింత, నియోజకవర్గానికింత అని కిందికి దించి, కలెక్టర్ల సమావేశంలో స్లైడు వేసి ఎవరు ముందు, ఎవరు వెనక అని అడగడం దగ్గరే నా గొడవంతా. ర్యాంకుల మీద మనకి మోజు ఎక్కువే. 2025 ఫిబ్రవరిలో ఫైళ్ళ క్లియరెన్సు మీద మంత్రులకే ర్యాంకులిచ్చి, తన ర్యాంకు ఆరు అని ముఖ్యమంత్రే బయటపెట్టారు. ఫైలు సంగతి వేరు. అది టేబుల్ మీద ఉందో లేదో కంటికి కనిపిస్తుంది. జిల్లా ఉత్పత్తి, అంటే జిల్లాలో ఏడాదికి తయారైన సరుకులూ సేవల మొత్తం విలువ, అలా కనపడేది కాదు.

వృద్ధి లక్ష్యాన్ని కింది అధికారికి కొరడాగా వాడే విద్యలో ప్రపంచం మొత్తానికి గురువు చైనా. దాని గురించి తెలుగులో రెండు రకాల మాటలే వింటాను. "వాళ్ళు చూడు ఎలా పరిగెత్తించారో" అనేది ఒకటి, "అంతా దొంగ లెక్కలు" అనేది ఇంకొకటి. రెండూ సగం సగం నిజాలు.

చైనాలో కౌంటీ అంటే విస్తీర్ణంలో మన రెవెన్యూ డివిజన్ కన్నా పెద్దది, పాత ఉమ్మడి జిల్లా కన్నా చిన్నది అనుకోవచ్చు. అలాంటి యూనిట్లు 2,800 పైన ఉన్నాయి. అక్కడ అందరికన్నా పైవాడైన కౌంటీ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి ఏటా పైవాళ్ళతో లక్ష్యాల బాధ్యతాపత్రం మీద సంతకం పెడతాడు. పెట్టుబడి ఇంత, ఆదాయం ఇంత, వృద్ధి ఇంత, ఒక్కోదానికి ఇన్ని మార్కులు. కొన్ని తప్పనిసరి అంశాలు, కొన్ని తప్పినా ఫర్వాలేనివి, ఇంకొన్ని వీటో అంశాలు. వీటో అంశంలో తప్పితే మిగతా వాటిలో నూటికి నూరొచ్చినా ఆ ఏడాది సున్నా. కుటుంబ నియంత్రణ, జనం రాజధానికి వెళ్ళి ఫిర్యాదులు చెయ్యకుండా చూడడం చాలాకాలం ఆ జాబితాలో ఉన్నాయి. పెట్టుబడులు తేవాలన్న కోటా ఒక్క పరిశ్రమల శాఖకే పరిమితం కాలేదు. చాలాచోట్ల మహిళా సమాఖ్య లాంటి కార్యాలయాలకి కూడా పడింది. మన దగ్గర మార్చి నెలలో చిన్న మొత్తాల పొదుపు టార్గెట్లు నెత్తిన పడి, పనికొచ్చిన రైతుకల్లా పోస్టాఫీసు సర్టిఫికెట్లు అంటగట్టిన రోజులు చూసినవాళ్ళకి ఈ వాతావరణం వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఒక దశలో ఈ పద్ధతి పనిచేసింది. మూడు దశాబ్దాల పాటు ఏటా సగటున 10 శాతం వృద్ధి దొంగ లెక్కలతోనే రాదు. ఎందుకు పనిచేసిందంటే, నాకు తోచిన కారణం డబ్బు. 1980లో వాళ్ళు తెచ్చిన పన్నుల ఏర్పాటుకి చైనా భాషలో ఉన్న పేరుకి మన తెలుగులో అచ్చంగా "వేరు కుంపట్లు" అనే అర్థం వస్తుంది. ఎవరి పొయ్యి మీద వాళ్ళే వండుకోవాలి. స్థానిక ప్రభుత్వం తన పరిధిలో వసూలైన దాంట్లోంచి ఒప్పందం ప్రకారం పైకి కొంత పంపి మిగతాది తనే వాడుకోవచ్చు. ఊళ్ళో ఫ్యాక్టరీ వస్తే జీతాలకీ రోడ్లకీ డబ్బు ఊళ్ళోనే ఉంటుంది. కార్యదర్శికి ప్రమోషన్ ఆశ ఒకవైపు, ఖజానా నిండే ఆశ ఇంకోవైపు. పైగా ఏం చెయ్యాలో అప్పట్లో దాపరికం లేదు. రోడ్డు, కరెంటు, భూమి, లోను. అవి చేస్తే పెరుగుదల కళ్ళ ముందే కనపడేది. కాగితం మీద అబద్ధమాడే అవసరం అంతగా పడలేదు.

1994లో కేంద్రం పన్నుల పంపకం మార్చేసింది. మొత్తం ప్రభుత్వ ఆదాయంలో కేంద్రం వాటా 1993లో 22 శాతం ఉంటే మరుసటి ఏడాదే 55 దాటింది. ఖర్చుల బాధ్యత మాత్రం కిందే మిగిలింది. కుంపటి లాగేసుకుని వంట మాత్రం నువ్వే చెయ్యమన్నట్టు. దాంతో కౌంటీలూ నగరాలూ భూమి అమ్మకాల మీదా, సొంత పెట్టుబడి కంపెనీలు పెట్టి వాటి పేరున తెచ్చిన అప్పుల మీదా పడ్డాయి. లక్ష్యం మాత్రం ఎక్కడా తగ్గలేదు. పైవాడు చెప్పినదానికి కిందివాడు కొంత కలిపి ఒప్పుకోవడం వాళ్ళకి అలవాటు. 2006-10 ప్రణాళికకి కేంద్రం పెట్టుకున్నది ఏటా 7.5 శాతం. ప్రావిన్సులు తమకు తాము పెట్టుకున్న లక్ష్యాల సగటు 10 దాటింది. నగరం దానికి ఇంకాస్త, కౌంటీ ఇంకాస్త. మన ఇళ్ళల్లో పెళ్ళికి వంద మంది అనుకుంటే వంటవాడికి నూట ఇరవై అని, ఆయన కూరగాయల కొట్లో నూట యాభై అని చెప్పినట్టు. పెళ్ళి వంట మిగిలితే పక్కింటికి పంచుతాం. మిగిలిన రోడ్లనీ భవనాలనీ పంచడం కుదరదు.

గ్విజో ప్రావిన్సులోని దూషాన్ కౌంటీ కథ నాకు బాగా గుర్తుండిపోయింది. 2020 జులైలో ఎవరో అక్కడికెళ్ళి వీడియో తీసి పెడితే చైనా అంతా చూసింది. మూడున్నర లక్షల జనాభా ఉన్న కొండ ప్రాంతం. ఏడాది ఆదాయం వంద కోట్ల యువాన్లు కూడా ఉండదు. అప్పు మాత్రం 4 వేల కోట్ల యువాన్లు. అంటే పుట్టిన బిడ్డతో సహా తలకి లక్ష యువాన్ల పైనే. ఆ డబ్బుతో ఏం కట్టారు? అక్కడి షూయి అనే తెగ పేరు చెప్పి దాదాపు వంద మీటర్ల ఎత్తున చెక్క మేడ ఒకటి, 20 కోట్ల యువాన్ల ఖర్చుతో. వీడియో వచ్చేనాటికి అది సగంలో ఆగిపోయి కొండ పక్కన వెర్రిమొహం వేసుకుని నిలబడి ఉంది. కట్టించిన కార్యదర్శి అప్పటికే అవినీతి కేసులో దొరికిపోయాడు. అతను దొంగే కావచ్చు. అయితే అతను దొంగ కాకపోయినా ఆ మేడ లేచేదనే నా అనుమానం. ఎందుకంటే కట్టే ప్రతి యువానూ ఆ ఏడాది కౌంటీ ఉత్పత్తిలో పెట్టుబడిగా ఎక్కుతుంది. అప్పు మాత్రం ఆ లెక్కలో ఎక్కడా కనపడదు. మూడు నాలుగేళ్ళలో బదిలీ అయ్యే మనిషికి ఆ తర్వాత వచ్చే వడ్డీ ఎవరు కడతారన్న బెంగ దేనికి?

మేడ కట్టే ఓపిక లేనివాళ్ళు కలంతో కట్టారు. 2012లో చైనా ప్రావిన్సులన్నీ చెప్పిన ఉత్పత్తిని కూడితే దేశ ఉత్పత్తి కన్నా 5 లక్షల కోట్ల యువాన్ల పైన ఎక్కువొచ్చింది. దేశంలో అన్నిటికన్నా పెద్ద ఆర్థిక వ్యవస్థ ఉన్న గ్వాంగ్‌డాంగ్ లాంటి ప్రావిన్సు ఇంకొకటి ఎక్కడో దాగి ఉన్నంత తేడా. 2017 జనవరిలో లియావోనింగ్ గవర్నరే తమ ప్రావిన్సులో 2011 నుంచి 2014 దాకా ఆదాయం లెక్కలు పెంచి రాశారని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఇన్నర్ మంగోలియా, తమ పెద్ద పరిశ్రమల 2016 ఉత్పత్తిలో 40 శాతం లేనిదేనంది. టియాన్‌జిన్ నగరంలోని బిన్‌హాయి అనే అభివృద్ధి ప్రాంతం తన ఉత్పత్తి లక్ష కోట్ల యువాన్లు అన్నది 66 వేల 500 కోట్లకి దిగింది. మూడో వంతు ఆవిరి. అదే లియావోనింగ్‌లో పార్టీ కార్యదర్శిగా ఉండగా 2007లో లీ కచియాంగ్ అమెరికా రాయబారితో మాట్లాడుతూ, జీడీపీ అంకెలు మనుషులు తయారు చేసేవని, తాను కరెంటు వాడకం, రైళ్ళలో సరుకు, బ్యాంకు రుణాలు చూసుకుంటానని చెప్పాడు. ఆ సంగతి వికీలీక్స్‌లో బయటపడింది. తర్వాత ఆయన దేశానికి ప్రధాని అయ్యాడు. ఇంటి పెద్దకే ఇంటి లెక్క మీద నమ్మకం లేదు. "అధికారులు అంకెల్ని పుట్టిస్తారు, అంకెలు అధికారుల్ని పుట్టిస్తాయి" అని చైనావాళ్ళలో ఒక మాట ఉంది. వెక్కిరింతగానే అంటారు.

ఇంతకన్నా ఘోరం వాళ్ళు 1958లోనే చూశారు. గ్వాంగ్షీలోని హువాన్‌జియాంగ్‌లో ఒక మూ (ఎకరాలో ఆరో వంతు) భూమిలో లక్షా ముప్ఫై వేల జిన్‌ల (జిన్ అంటే అర కిలో) వరి పండిందని ప్రకటించారు. మన లెక్కలోకి మారిస్తే ఎకరాకి 5 వేల బస్తాల పైమాటే. గోదావరి డెల్టాలో దాళ్వా ఎంత బాగా పండినా లెక్క పదుల బస్తాల్లోనే ఉంటుంది. చుట్టుపక్కల చేలల్లోంచి ముదిరిన మొక్కలు పీకి తెచ్చి ఒకే మడిలో కిక్కిరిసి నాటారు. నవ్వుకుని వదిలేసే సంగతి కాదిది. ఇలాంటి అంకెల్ని నమ్మినట్టు నటించి ఆ మేరకు ధాన్యం సేకరించారు. తర్వాతి మూడేళ్ళ కరవులో కోట్ల మంది చచ్చిపోయారు. మా నాన్న ఆరొందల గ్రాములకీ దీనికీ పోలిక తేవడం అతి అని నాకూ తెలుసు. కాకపోతే రెండు చోట్లా మొదట వచ్చింది ఒకే రకం ప్రశ్న, పక్కవాళ్ళు పెరిగారు, నువ్వెందుకు పెరగలేదని.

ఇంతకీ అంకె బాగుంటే ప్రమోషన్ నిజంగా వచ్చేదా? దీని మీద పండితులు ఒక మాట మీద లేరు. లీ హోంగ్‌బిన్, ఝౌ లీఆన్ 2005లో ప్రావిన్సు నాయకుల మీద చేసిన అధ్యయనంలో వృద్ధికీ ప్రమోషన్‌కీ లంకె ఉందన్నారు. తర్వాత వచ్చిన వేరే పరిశోధకులు, పై స్థాయిలో పనికొచ్చేది ఎవరి మనిషివన్నదే గాని వృద్ధి కాదన్నారు. 2018లో ఇంకొక బృందం మధ్యేమార్గంగా, కింది స్థాయికి దిగేకొద్దీ అంకె బరువు పెరుగుతుందని తేల్చింది. నాకు ఇదే సబబుగా అనిపిస్తుంది. మన దగ్గరా అంతే. పైన లాబీయింగ్, కింద టార్గెట్. టెన్షనంతా కిందివాడిదే.

చైనా ఈ రోగాన్ని గుర్తించకపోలేదు. 2013లో షీ జిన్‌పింగ్, వృద్ధి రేటొక్కటే చూసి ఎవరు మొనగాడో తేల్చకూడదన్నాడు. ఆ ఏడాది చివర్లో పార్టీ సిబ్బంది విభాగం అదే సంగతి ఆదేశంగా పంపింది. 2015లో షాంఘై ఆ ఏడాదికి అసలు జీడీపీ లక్ష్యమే పెట్టుకోలేదు. 2019 నుంచి ప్రావిన్సుల లెక్కని ప్రావిన్సుల చేతిలోంచి తీసేసి జాతీయ గణాంక సంస్థే ఒక పద్ధతిలో కడుతోంది. నా దృష్టిలో వీటిలో అసలైన మందు చివరిదే. ఆదేశాలు వస్తాయి, పోతాయి. వ్రాయసకాడు ఎవరన్నదే తేడా.

లక్ష్యం మారిస్తే చాలదని వాళ్ళకే ఇంకో అనుభవం ఉంది. 2006-10లో యూనిట్ ఉత్పత్తికి వాడే ఇంధనాన్ని 20 శాతం తగ్గించాలన్నారు. మంచి లక్ష్యమే. గడువు దగ్గరపడేసరికి 2010లో హెబే ప్రావిన్సులోని ఆన్‌పింగ్ కౌంటీలో ఫ్యాక్టరీలతో ఆపకుండా ఇళ్ళకీ, ట్రాఫిక్ లైట్లకీ, ఆసుపత్రికీ కూడా కరెంటు తీశారు. దేశం మొత్తం మీద 19.1 శాతం తగ్గించామని ప్రకటించారు. ఎమర్జెన్సీలో మనవాళ్ళూ ఇదే దారి తొక్కారు. 1976-77 ఒక్క ఏడాదిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు 80 లక్షలు దాటాయి. పంతుళ్ళకీ పట్వారీలకీ కోటాలు పంచారు. ఆ శాఖలో టార్గెట్లు ఎత్తెయ్యడానికి 1996 దాకా పట్టింది.

మళ్ళీ మన కలెక్టరు దగ్గరికొస్తాను. ఆయన చేతిలో ఏముంది? పన్ను వెయ్యలేడు, వసూలైన పన్ను జిల్లాలో ఉంచుకోలేడు. చైనా కార్యదర్శికున్న కుంపటి ఆయనకి లేదు. బ్యాంకు ఆయన మాట వినదు. రెండేళ్ళుంటే గొప్ప. ఇక జిల్లా ఉత్పత్తి లెక్క సంగతి చూడండి. పంటలు, పాలు, చేపలు లాంటివి కింద నుంచి కొంత కొలుస్తారు. సేవారంగంలో చాలా భాగం మాత్రం రాష్ట్రం మొత్తం అంకెని తీసుకుని, పనిచేసేవాళ్ళ సంఖ్య లాంటి కొలమానాలతో జిల్లాలకి పంచడమే. అంటే కలెక్టరు రాత్రింబవళ్ళు కష్టపడినా, రోజంతా పడుకున్నా జిల్లా వాటాలో ఆ భాగం పెద్దగా కదలదు. కదిలించడానికి వీలున్నవి పంటలు, పాలు, చేపలు. అవి రాసేది ఏఎస్‌ఓ, పశువుల డాక్టరు, ఫిషరీస్ అసిస్టెంటు. వీళ్ళందరి మీదా పైఅధికారి ఆ కలెక్టరే. ఫోను ఎటు వెళ్తుందో వేరే చెప్పాలా?

ఇంకో మెలిక కూడా ఉంది. 15 శాతం అన్నది ధరల పెరుగుదల కలిసిన అంకె. 2024-25కి ముందస్తు అంచనాల్లో రాష్ట్రం వృద్ధి 12 శాతం పైన. ధరలు తీసేస్తే అదే 8 పైచిలుకు. టమాటా ధర రెట్టింపైన ఏడాది మదనపల్లె వైపు ఆఫీసర్లకి ఉత్తమ సేవా పత్రం ఇవ్వాలేమో!

జిల్లాలకి పోటీ పెట్టడమే తప్పంటే నేనొప్పుకోను. 2018లో నీతి ఆయోగ్ మొదలుపెట్టిన ఆకాంక్ష జిల్లాల పథకం చూడండి. 112 వెనకబడిన జిల్లాలు, 49 సూచికలు. మన కడప ఉంది, తెలంగాణ నుంచి భూపాలపల్లి, ఆసిఫాబాద్ ఉన్నాయి. ర్యాంకిచ్చేది ఎక్కడున్నావని కాదు, ఎంత కదిలావని. ఆసుపత్రి కాన్పులు, టీకాలు, బడి మరుగుదొడ్లు కలెక్టరు చేతికి అందే పనులు. ముఖ్యంగా తొలి రోజుల్లో జిల్లాలు పంపిన అంకెల్ని బయటి సంస్థలతో ఇంటింటి సర్వే చేయించి సరిచూశారు. ఆ సరిచూడ్డం పోతే ఇదీ ఇంకో స్లైడే.

నేను కోరేది చిన్నది. పంట కోత ప్రయోగాలకి ఇప్పుడు మొబైల్ యాపు, జీపీఎస్ ఫోటో వచ్చాయి. ఆ గడి ఎక్కడ పడిందో, కాటా మీద ఎంత తూగిందో, తూచిన సాయంత్రమే ఊరి సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించండి. పైకి పోకముందే. తర్వాత జిల్లా అంకెలో అది మారితే ఊరికి తెలుస్తుంది. బీమా కోసం రైతు గొడవపడతాడంటారు. పడనివ్వండి. ఎక్కువ కావాలనే పై ఆఫీసు ఒకవైపు, తక్కువ కావాలనే రైతు ఒకవైపు లాగుతుంటే మేకు కాస్త నిలబడుతుందని నా ఆశ.

నాన్నకి ఇది నచ్చలేదు. "బోర్డు మీద పెట్టాక ఏఎస్‌ఓ మళ్ళీ ఆ ఊళ్ళో కాలు పెట్టగలడా?" అన్నారు. అప్పుడు పై నుంచి ఫోనొచ్చినప్పుడు చూపించడానికి ఆ బోర్డు ఉంటే మీకు తేలికయ్యేది కదా అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడు 12 కిలోల 400 అని ఊళ్ళో అందరికీ తెలుసు. కాటా పట్టుకున్నది వాళ్ళే కదా" అన్నారు.